కంప్యూటర్‌లో గంటల తరబడి ఆడియో రికార్డింగ్: మధ్యలో ఆగకుండా, చేసింది పోకుండా

రెండు నిమిషాల మాట రికార్డు చెయ్యడానికి పెద్ద జాగ్రత్తలేమీ అక్కర్లేదు. బాగా రాకపోతే మళ్లీ చేసుకోవచ్చు. రెండు గంటల ప్రసంగానికో, ఇంటర్వ్యూకో, పుస్తక పఠనానికో ఆ వెసులుబాటు ఉండదు. మాట్లాడినవాళ్లు మళ్లీ అదే ఊపులో మాట్లాడరు. ఇలాంటి రికార్డింగులు చెడేది మైకు నాసిరకం కావడం వల్ల కాదు, చాలాసార్లు అంతకన్నా సిల్లీ కారణాల వల్ల. ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్తుంది, డిస్కు నిండుతుంది, సాఫ్ట్‌వేర్ క్రాష్ అయి ఫైలు తెరుచుకోదు. అందుకే ఇక్కడ సగానికి పైగా రికార్డు బటన్ నొక్కకముందు చేసే పనుల గురించే ఉంటుంది. ఏది ఎదురైనా పోతే ఒక ముక్క పోవాలి, మిగతాదంతా దక్కాలి. ఆ లెక్కతోనే ఏర్పాట్లన్నీ చేసుకోవాలి.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి

విండోస్ ఎక్స్‌పీ కాలం నాటి సౌండ్ రికార్డర్ 60 సెకన్లకు ఆగిపోయేది. బటన్ మళ్లీ నొక్కితే ఇంకో 60 సెకన్లు ఇచ్చేది. ఖాళీ ఫైలు సృష్టించి దాన్ని సాగదీసే చిట్కాలు అప్పట్లో పుట్టినవే. ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి గానీ వాటితో పనిలేదు. ఎక్స్‌పీ తర్వాత వచ్చిన విండోస్ విస్టాతోనే ఆ హద్దు పోయింది.

ఇప్పుడు విండోస్ 11లో సౌండ్ రికార్డర్, మ్యాక్‌లో క్విక్‌టైమ్ ప్లేయర్ ఉన్నాయి. పది, పదిహేను నిమిషాల పనికి ఇవి చాలు. గంటల పనికి వీటిని నమ్ముకోకపోవడం మేలు. ఇవి తరచుగా ఎం4ఏ ఫార్మాట్‌లో సేవ్ చేస్తాయి. ఏ ధ్వని ఫైలులో ఎక్కడుందో చెప్పే సూచిక ఆ ఫార్మాట్‌లో మామూలుగా రికార్డింగ్ ఆపాకే రాయబడుతుంది. రెండో గంటలో కరెంటు పోతే ధ్వని డిస్కు మీదే ఉన్నా ఏ ప్లేయరూ దాన్ని తెరవలేదు. ఇవే వాడక తప్పకపోతే సెట్టింగ్స్‌లో వేవ్ (డబ్ల్యూఏవీ) గానీ ఎంపీ3 గానీ ఎంచుకునే వీలుందేమో చూడండి. ఎంపీ3 చిన్న చిన్న ఫ్రేముల వరుస, ప్రతి ఫ్రేముకూ దాని వివరం దానితోనే ఉంటుంది. అందుకే సగంలో తెగిన ఎంపీ3 తెగినచోటి దాకా మోగుతుంది.

పొడవైన పనికి ఉచితంగా దొరికేవాటిలో ఆడాసిటీ సరైనది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. రికార్డవుతున్న ధ్వనిని ఎప్పటికప్పుడు డిస్కుకు రాస్తుంది కాబట్టి, క్రాష్ అయినా అప్పటిదాకా చేసింది దాదాపు మొత్తం తిరిగొస్తుంది. కింద చెప్పిన మెనూలు, షార్ట్‌కట్లు ఆడాసిటీ 3 సిరీస్‌కు చెందినవి.

ముందు చోటు లెక్క

సూత్రం తేలిక: సెకనుకు నమూనాలు × ఒక్కో నమూనాకు బైట్లు × ఛానళ్లు × సెకన్లు. ధ్వనిని కొలిచిన ఒక్కో కొలత ఒక నమూనా, సెకనుకు ఎన్ని తీస్తారో హెర్ట్జ్‌లో చెబుతారు. మోనో అంటే ఒక ఛానల్, స్టీరియో అంటే రెండు. 44,100 హెర్ట్జ్, 16 బిట్ అంటే 2 బైట్లు, మోనో, ఒక గంట అనుకుందాం. 44,100 × 2 × 1 × 3,600 = 31,75,20,000 బైట్లు, సుమారు 318 ఎంబీ. ఆడాసిటీ మొదట్లో 32 బిట్ ఫ్లోట్‌లో ఉంటుంది, అంటే నమూనాకు 4 బైట్లు. అప్పుడు మోనోకు గంటకు 635 ఎంబీ, స్టీరియోకు 1.27 జీబీ.

ఒక మనిషి గొంతు, ఒకే మైకు అయితే మోనో చాలు. స్టీరియో పెట్టినా రెండు ఛానళ్లలోనూ అదే ధ్వని పడుతుంది, చోటు మాత్రం రెట్టింపు పోతుంది. వీడియోకు జతచేసే ఆడియో అయితే 48,000 హెర్ట్జ్ పెట్టండి, మిగతా అన్నిటికీ 44,100.

అసలు చోటు తినేది ఎడిటింగ్. మూడు గంటల మోనో ట్రాక్ 1.9 జీబీ ఉంటుంది. దాని మీద నాయిస్ రిడక్షన్ నడిపితే, అన్‌డూ కోసం పాతది ఉంచుకుని ఆడాసిటీ ఇంకో 1.9 జీబీ రాస్తుంది. నార్మలైజ్ చేస్తే, అంటే ధ్వని స్థాయిని సరిచేస్తే, మరో 1.9. అందుకని రికార్డింగ్ ఎంత ఉంటుందో దానికి ఐదు రెట్లు ఖాళీ ఉంచుకోవడం సబబు. మూడు గంటల పనికి 10 జీబీ. ఎడిటింగ్ మధ్యలో చోటు ఇరుకైతే వ్యూ మెనూలో హిస్టరీ తెరిచి పాత అంచెలను డిస్కార్డ్ చెయ్యవచ్చు. ఇక అన్‌డూ చెయ్యనని గట్టిగా అనుకున్నాకే ఆ పని చెయ్యండి.

ఇంకో హద్దు 4 జీబీ. వేవ్ ఫైలు తన సైజును 32 బిట్ల అంకెలో రాసుకుంటుంది, దానికి మించి లెక్కపెట్టలేదు. 44,100 హెర్ట్జ్ స్టీరియోలో 16 బిట్ అయితే సుమారు 6 గంటల 45 నిమిషాలకు, 32 బిట్ ఫ్లోట్ అయితే సుమారు 3 గంటల 22 నిమిషాలకు అక్కడికి చేరతారు. కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు 2 జీబీకే చేతులెత్తేస్తాయి. ఆడాసిటీ ప్రాజెక్టుకు ఈ ఇబ్బంది లేదు, వేవ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడే ఎదురవుతుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ అయి ఉంటే దానికీ ఇదే హద్దు. 64 జీబీ ఖాళీ ఉన్నా 5 జీబీ ఫైలు కాపీ కాదంటుంది. ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చుకుంటే సరిపోతుంది.

కంప్యూటర్‌ను సిద్ధం చెయ్యడం

1. ఛార్జర్ తగిలించండి. పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ను ‘నెవర్’ చెయ్యండి. స్క్రీన్ ఆరిపోయినా నష్టం లేదు, సిస్టమ్ పడుకోకూడదు. ల్యాప్‌టాప్ అయితే మూత మూస్తే ఏం చెయ్యాలన్న చోట ‘డు నథింగ్’ పెట్టండి. ఎవరో ఒకరు మర్యాదకు మూత వేసేస్తారు.

2. విండోస్ అప్‌డేట్‌ను వారం పాటు పాజ్ చెయ్యండి. యాంటీవైరస్ ఫుల్ స్కాన్ ఆ సమయానికి పడకుండా చూడండి. క్లౌడ్ సింక్‌నూ ఆపండి.

3. ప్రాజెక్టును కంప్యూటర్ లోపలి డ్రైవ్‌లోనే పెట్టండి. పెన్‌డ్రైవ్ వద్దు, నెట్‌వర్క్ ఫోల్డర్ వద్దు, వన్‌డ్రైవ్ లాంటి సింక్ ఫోల్డర్ అసలే వద్దు. ఆడాసిటీ ప్రాజెక్టు ఒక డేటాబేస్ ఫైలు, సెకను సెకనుకూ మారుతుంటుంది. దాన్ని ఇంకో ప్రోగ్రామ్ అప్‌లోడ్ కోసం పట్టుకుంటే చెడిపోయే ప్రమాదముంది. విండోస్‌లో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు మీకు తెలియకుండానే వన్‌డ్రైవ్‌లో కలిసి ఉండవచ్చు, ఓసారి చూసుకోండి.

4. యూఎస్‌బీ మైకును హబ్ ద్వారా కాకుండా నేరుగా కంప్యూటర్ పోర్టుకు పెట్టండి. బ్లూటూత్ హెడ్‌సెట్ మైకు వాడకండి. మైకు ఆన్ అవగానే చాలా హెడ్‌సెట్లు ఫోన్‌కాల్ మోడ్‌లోకి మారి, ధ్వని టెలిఫోన్‌లో విన్నట్టు ఇరుకైపోతుంది. దాని బ్యాటరీ గొడవ సరేసరి.

5. విండోస్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ విభాగానికి వెళ్లి, డెస్క్‌టాప్ యాప్‌లకు మైక్రోఫోన్ అనుమతి ఉందో లేదో చూడండి. అనుమతి లేకపోతే ఎర్రర్ ఏదీ కనిపించకపోవచ్చు. టైమర్ నడుస్తూనే ఉంటుంది, ట్రాక్‌లో మాత్రం సన్నటి గీత ఒకటే పడుతుంది.

6. మైకు ప్రాపర్టీస్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపెయ్యండి. ఇవి వీడియో కాల్స్ కోసం పెట్టినవి. వక్త ఆగినప్పుడల్లా గదిలోని ఫ్యాను చప్పుడు పైకి లేస్తూ, మాట మొదలవగానే అణిగిపోతుంటే, ధ్వని స్థాయిని తనంతట తానే పెంచే ఫీచర్ పనిచేస్తోందన్నమాట. రికార్డయ్యాక దీన్ని సరిచెయ్యడం దాదాపు అసాధ్యం.

ఇవన్నీ చేశాక, ఎంతసేపు రికార్డు చెయ్యాలో అంతసేపూ ఖాళీ గదిలో ఒక్కసారి నడిపి చూడండి. రెండు నిమిషాల టెస్టు మైకు పనిచేస్తోందని చెబుతుంది, అంతే. నలభయ్యో నిమిషంలో యూఎస్‌బీ పోర్టు పవర్ తగ్గిపోతుందా, గంటన్నరకు సిస్టమ్ పడుకుంటుందా అన్నది పూర్తి నిడివి నడిపితేనే బయటపడుతుంది.

స్థాయి

మైకు నోటికి 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో, ఊపిరి నేరుగా తగలకుండా కాస్త పక్కకు ఉండాలి. వక్త చేత గట్టిగా, నవ్వుతూ మాట్లాడించి చూడండి. మీటర్‌లో సున్నా డీబీ అంటే గరిష్ఠం. శిఖరాలు మైనస్ 12 డీబీ దగ్గర తిరగాలి, మైనస్ 6 దాటకూడదు. టెస్టులో అందరూ వినయంగా మాట్లాడతారు, అరగంట గడిచి విషయం వేడెక్కాక గొంతు లేస్తుంది. ఆ తేడాకు చోటు ఉంచాలి.

32 బిట్ ఫ్లోట్ వాడుతున్నాం కదా, ఎంత గట్టిగా వచ్చినా తర్వాత తగ్గించుకోవచ్చని కొందరు అనుకుంటారు. మామూలు మైకుల్లో అది కుదరదు. ధ్వనిని అంకెలుగా మార్చే చిప్‌లోనే శిఖరాలు తెగిపోతాయి. ఆ తెగిన రూపాన్నే ఆడాసిటీ ఎంత సూక్ష్మంగానైనా దాచిపెడుతుంది. వ్యూ మెనూలో షో క్లిప్పింగ్ ఆన్ చేస్తే అలా తెగినచోట్ల ఎర్ర గీతలు కనిపిస్తాయి.

రికార్డింగ్ మొదలుపెట్టాక

ఆడాసిటీ తెరవగానే, రికార్డు చెయ్యకముందే, ప్రాజెక్టును పేరు పెట్టి సేవ్ చెయ్యండి. తేదీ, విషయం, భాగం సంఖ్య వచ్చేలా పేరు పెడితే తర్వాత వెతుక్కోవడం తేలిక. ఏయూపీ3 ఎక్స్‌టెన్షన్‌తో ఫైలు వస్తుంది. ప్రాజెక్టు తెరిచి ఉన్నంతసేపు దాని పక్కన అదే పేరుతో, చివర డబ్ల్యూఏఎల్ అనీ, ఎస్‌హెచ్‌ఎం అనీ ఉన్న మరో రెండు ఫైళ్లు కనిపించవచ్చు. చెత్త అనుకుని తీసెయ్యకండి. కొత్తగా రికార్డయినది వాటిలో ఉండవచ్చు. ప్రాజెక్టును సరిగ్గా మూస్తే అవే పోతాయి.

ఆడియో సెటప్‌లో సరైన మైకు, మోనో ఎంచుకోండి. ప్రిఫరెన్సెస్‌లో రికార్డింగ్ విభాగంలో డిటెక్ట్ డ్రాపౌట్స్ టిక్ అయి ఉందో లేదో చూడండి. కంప్యూటర్ అందుకోలేక ధ్వనిలో చిన్న ముక్క జారిపోతే, ఆడాసిటీ ఆ చోట్ల లేబుల్ పెట్టి చెబుతుంది. మూడు గంటల ఫైలులో పదో వంతు సెకను ఖాళీని చెవితో వెతకడం ఎవరి తరమూ కాదు. అలాంటి లేబుళ్లు వస్తుంటే బ్రౌజర్ లాంటివి మూసేసి, ప్రిఫరెన్సెస్‌లో బఫర్ లెంగ్త్‌ను (ధ్వనిని అందుకోవడానికి కంప్యూటర్‌కిచ్చే వ్యవధిని) 100 మిల్లీసెకన్ల నుంచి 200కో 300కో పెంచి చూడండి.

ఆర్ నొక్కితే రికార్డింగ్ మొదలు. మొదటి పది సెకన్లు ఎవరూ మాట్లాడకూడదు, కదలకూడదు. గది నిశ్శబ్దం ఎలా ఉంటుందో ఆ పది సెకన్లే చెబుతాయి, నాయిస్ తగ్గించేటప్పుడు అవే నమూనా. కింది స్టేటస్ బార్‌లో ఇంకా ఎంతసేపటికి చోటుందో కనిపిస్తుంది, ఓ కన్నేసి ఉంచండి.

దగ్గు, తప్పు, కొత్త విషయం లాంటివి వచ్చినప్పుడల్లా కంట్రోల్, ఎం కలిపి నొక్కి ఒక్క మాట టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ఆ క్షణం దగ్గర లేబుల్ పడుతుంది. ఎడిటింగ్‌లో మొత్తం వినక్కర్లేకుండా నేరుగా అక్కడికే వెళ్లవచ్చు. కీబోర్డు, మైకు ఒకే బల్ల మీద ఉంటే మాత్రం ఈ టకటకలు రికార్డులో పడతాయి. అప్పుడు కాగితం మీద సమయం రాసుకోవడమే నయం.

ప్రతి 45 నుంచి 60 నిమిషాలకు ఒక విరామం చూసుకుని స్టాప్ చెయ్యండి, కంట్రోల్, ఎస్ కొట్టండి, ఆ ప్రాజెక్టు మూసి రెండో భాగానికి కొత్తది తెరవండి. ఒకే ప్రాజెక్టులో నాలుగు గంటలు నింపినా ఆడాసిటీ మోస్తుంది. కానీ ఆ ఒక్క ఫైలుకు ఏమైనా అయితే నాలుగు గంటలూ పోతాయి. భాగాలను తర్వాత కలపడం పెద్ద పనేం కాదు. అన్నీ ఒకే ప్రాజెక్టులోకి ఇంపోర్ట్ చేసి, ట్రాక్స్ మెనూలోని అలైన్ ట్రాక్స్‌లో అలైన్ ఎండ్ టు ఎండ్ అంటే ఒకదాని వెనక ఒకటి వరుసగా సర్దుకుంటాయి.

విరామమే లేని కార్యక్రమమైతే ఫోన్‌లోనో, ఇంకో రికార్డర్‌లోనో సమాంతరంగా రికార్డు చెయ్యండి. దాన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం మరవకండి. రెండింటినీ కలిపి వాడాల్సివస్తే ఒక చిక్కుంది: ఏ రెండు పరికరాల గడియారాలూ అచ్చంగా ఒకే వేగంతో నడవవు. పది లక్షలకు 50 వంతుల తేడా ఉన్నా గంటకు 0.18 సెకను, మూడు గంటలకు అర సెకను పైనే జరుగుతుంది. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చప్పట్లు కొట్టిస్తే ఆ రెండు గుర్తుల మధ్య నిడివి సరిపోల్చి, చేంజ్ టెంపోతో ఒకదాన్ని సాగదీయవచ్చు.

ఫలానా వేళకు మొదలై ఫలానా వేళకు ఆగాలంటే షిఫ్ట్, టీ కలిపి నొక్కితే టైమర్ రికార్డ్ వస్తుంది. అందులో ఆటోమేటిక్ సేవ్ ఎంచుకోండి.

పుస్తకం చదివేవాళ్లకు పంచ్ అండ్ రోల్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చదువుతూ తప్పు పలికితే ఆపి, కర్సర్‌ను ఆ వాక్యానికి ముందున్న చిన్న ఖాళీలో పెట్టి షిఫ్ట్, డీ నొక్కండి. మామూలు సెట్టింగ్‌లో ముందు 5 సెకన్లు వినిపిస్తుంది, కర్సర్ దగ్గరికి రాగానే రికార్డింగ్ మొదలవుతుంది. హెడ్‌ఫోన్స్‌లో వింటూ అదే స్వరంలో అందుకోవచ్చు. కర్సర్‌కు కుడివైపున్నది చెరిగిపోతుంది కాబట్టి తప్పు జరిగిన వెంటనే వాడాలి. ఇలా చేస్తే రికార్డింగ్ పూర్తయ్యేసరికి తప్పులు కత్తిరించే పని కూడా దాదాపు పూర్తయినట్టే.

క్రాష్ అయితే

ఆడాసిటీ మధ్యలో పోతే కంగారుపడి ఫైళ్లు కెలక్కండి. మళ్లీ తెరిస్తే తిరిగి తెచ్చుకోగల ప్రాజెక్టుల జాబితా చూపిస్తుంది. రికవర్ నొక్కి, రాగానే సేవ్ చెయ్యండి. డిస్కార్డ్ నొక్కితే మాత్రం వెనక్కి రాదు.

ఇంకో సాఫ్ట్‌వేర్‌తో వేవ్‌లో రికార్డు చేస్తుండగా కరెంటు పోతే పరిస్థితి వేరు. ఫైలు 400 ఎంబీ ఉంటుంది, ప్లేయర్ మాత్రం నిడివి సున్నా అంటుంది. ధ్వని పోలేదు. వేవ్ ఫైలు మొదట్లో చిన్న హెడర్ ఉంటుంది, ధ్వని ఎంత పొడవో అందులో రాయాలి. చాలా సాఫ్ట్‌వేర్లు ఆ అంకెను స్టాప్ నొక్కాకే నింపుతాయి. నింపకముందే ఆగిపోయింది కాబట్టి ప్లేయర్ ఏమీ లేదనుకుంటోంది. ఇలా తిరిగి తెచ్చుకోవచ్చు:

1. ముందు ఆ ఫైలుకు కాపీ తీసి, కాపీ మీదే పని చెయ్యండి.

2. ఆడాసిటీలో ఫైల్, ఇంపోర్ట్, రా డేటా ఎంచుకుని కాపీని చూపించండి.

3. ఎన్‌కోడింగ్ దగ్గర సైన్డ్ 16 బిట్ పీసీఎం, బైట్ ఆర్డర్ లిటిల్ ఎండియన్, ఛానల్ మోనో, రేటు 44,100, స్టార్ట్ ఆఫ్‌సెట్ 44 పెట్టండి. మామూలు వేవ్ హెడర్ 44 బైట్లు. మీ సాఫ్ట్‌వేర్ ఇంకాస్త పొడవు హెడర్ రాసి ఉంటే మొదట్లో టక్‌మని చిన్న శబ్దం వస్తుంది, దాన్ని కత్తిరిస్తే చాలు.

4. ఇంపోర్ట్ చేసి వినండి. చెవులు చిల్లులుపడే హోరు వస్తే బిట్ల సంఖ్య తప్పు, 24 బిట్ పెట్టి చూడండి. అందుకే మొదటిసారి వాల్యూమ్ బాగా తగ్గించి వినాలి. గొంతు బండగా, సగం వేగంతో వస్తే అది స్టీరియో ఫైలు, మీరు మోనోగా చదివారు. కీచుగా, రెట్టింపు వేగంతో వస్తే మోనోను స్టీరియోగా చదివారు. వేగం కొద్దిగా మాత్రమే తేడాగా ఉంటే రేటు 48,000 పెట్టండి.

చివరి పనులు

ఏ ఎఫెక్టూ వెయ్యకముందు ముడి రికార్డింగ్‌ను ఫ్లాక్ అనే ఫార్మాట్‌లో ఎక్స్‌పోర్ట్ చేసి ఇంకో డ్రైవ్‌లో దాచండి. వేవ్ కన్నా బాగా చిన్నది, నాణ్యత రవ్వంత కూడా తగ్గదు.

ఎడిటింగ్‌లో చెయ్యి ఎంత తేలికగా ఉంటే అంత మంచిది. మొదట్లోని పది సెకన్ల నిశ్శబ్దాన్ని సెలెక్ట్ చేసి నాయిస్ రిడక్షన్‌లో గెట్ నాయిస్ ప్రొఫైల్ నొక్కండి. తర్వాత ట్రాక్ మొత్తం సెలెక్ట్ చేసి 6 డీబీ తగ్గించి చూడండి, చాలకపోతే 12. అంతకు మించితే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు ఉంటుంది. ట్రంకేట్ సైలెన్స్‌తో ఖాళీలన్నీ ఒక్క దెబ్బకు తీసెయ్యాలని చాలామందికి అనిపిస్తుంది. మనిషి ఆలోచించుకునే విరామాలు కూడా దాంతో పోయి, మాట్లాడేవాళ్లు ఊపిరి తీసుకోనట్టు తయారవుతుంది. రెండు సెకన్లకు మించిన ఖాళీలను మాత్రమే ఒక సెకనుకు తగ్గించేలా పెట్టుకోండి. వేర్వేరు భాగాల్లో స్థాయి ఎగుడుదిగుడుగా ఉంటే ఒక్కో భాగానికీ లౌడ్‌నెస్ నార్మలైజేషన్ వెయ్యండి. పాడ్‌కాస్ట్‌లకు మోనోలో మైనస్ 19, స్టీరియోలో మైనస్ 16 ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి వినిపించే గట్టిదనానికి కొలమానం) వాడుక.

పంచుకోవడానికి మాటల రికార్డింగ్ అయితే మోనో ఎంపీ3, 64 కేబీపీఎస్ చాలు, గంటకు 29 ఎంబీ వస్తుంది. సంగీతం కలిస్తే స్టీరియో 128కి వెళ్లండి, 58 ఎంబీ. అధ్యాయాలుగా విడగొట్టాలంటే ఒక్కో అధ్యాయం మొదట్లో లేబుల్ పెట్టి, ఎక్స్‌పోర్ట్ ఆడియోలో మల్టిపుల్ ఫైల్స్ ఎంచుకోండి. లేబుల్ పేర్లే ఫైళ్ల పేర్లవుతాయి, కాబట్టి 01, 02 అని ముందు అంకె ఉంచితే వరుస తప్పదు.

ఎక్స్‌పోర్ట్ అయిన ప్రతి ఫైలునూ వేరే ప్లేయర్‌లో తెరిచి మొదటి నిమిషం, మధ్యలో ఒక నిమిషం, చివరి నిమిషం వినండి. నిడివి ఆడాసిటీలో చూపినదానితో సరిపోవాలి. డిస్కు నిండి ఎక్స్‌పోర్ట్ తెగిపోతే తెలిసేది ఇక్కడే. ఇది సరిచూసుకున్నాక ప్రాజెక్టు ఫైలు తీసెయ్యవచ్చు, ఫ్లాక్ కాపీని మాత్రం ఉంచండి.